విద్యార్థులు – పంచకాల నియమము

శ్రీమన్నారాయణుడు కాలస్వరూపుడు. గీతాచార్యుడు విభూతియోగమున తన విభూతులను పేర్కొనుచు, లెక్కించువారిలో కాలము తానేయనియు, క్షయము లేని కాలమును తానేయనియు అర్జునునకు తెలిపెను. పుష్పమునో ఫలమునో సమర్పించునప్పుడు అది స్వామి సృష్టించినదే యని భక్తుడు తలచును. కాని ఒక దినమును గడపునప్పుడు ఆ దినము కూడ స్వామి సొత్తేయని తలచువారు అరుదు. పరుల ధనమును ముట్టుట పాపమని బాలురు సైతము ఎరుగుదురు. కాలమును వృథాగా పోగొట్టుట భగవంతుని సొత్తును పోగొట్టుటయే యని ఎరిగినవారు కొలదిమంది.

ధనము ఒకనికి మిక్కిలిగను, మరియొకనికి తక్కువగను లభించును. కాలము అట్లు కాదు. ఘడియకు 24 నిమిషములు. 2 ఘడియలు కూడిన ఒక ముహూర్తము, అనగా 48 నిమిషములు. అహోరాత్రమునకు 60 ఘడియలు, 30 ముహూర్తములు. చక్రవర్తికి 61వ ఘడియ లేదు. కూలివానికి 60 ఘడియలలో ఒకటియు తగ్గదు. ఇట్లు సమానముగా పంచబడిన ప్రసాదము "నాకు చాలుట లేదు" అని నేడు అందరికంటె ఎక్కువగా వాపోవుచున్నవారు కళాశాల విద్యార్థులు.

మంజీరా తీరపు విద్యార్థి

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమును ఇందుకు ఉదాహరణముగా గ్రహింపవచ్చును. ఒకప్పుడు ఇది జొన్న, చెరకు పండు పల్లెల సీమ. 1960లలో రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరులో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ఏర్పడినది. ఆ దశాబ్దమునందే పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరుగసాగినది. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము స్థాపింపబడినది. 2008లో హైదరాబాదు ఐ.ఐ.టి. ఆ ఎద్దుమైలారముననే తాత్కాలికముగా ఆరంభమై, 2015 నాటికి కందిలోని స్వంత ప్రాంగణమునకు తరలినది. సుల్తాన్‌పూర్‌లో 2012లో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల వచ్చినది. సంగారెడ్డి పట్టణమున తారా ప్రభుత్వ కళాశాల కలదు. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి పేరిటనే ఒక జిల్లా ఏర్పడినది. యంత్రములకును, చదువులకును ఒకే రహదారి ఆధారమైన సీమ ఇది.

తెల్లవారకముందే ఆ 65వ నంబరు జాతీయ రహదారిపై మొదటి షిఫ్టునకు పోవు కార్మికుల బస్సులు, వాని వెనుక కళాశాల బస్సులు సాగుచుండును. కార్మికుడు గడియారమునకు లోబడి నడచును. ఆలస్యమైన యెడల ద్వారమువద్దనే తెలియును. విద్యార్థికి అట్టి ద్వారము లేదు. అతని ఆలస్యము పరీక్ష ముందు రాత్రివరకును బయటపడదు. బయటపడునప్పటికి ఆరు పాఠ్యాంశములు, ఒకే రాత్రి, వణకు గుండె మిగులును.

అతని దినమును లెక్కించి చూడవలెను. నిద్రకు 7 గంటలు, కళాశాలకు 7 గంటలు, రాకపోకలకు 3 గంటలు, స్నానభోజనాదులకు 2 గంటలు. మొత్తము 19 గంటలు. ఇంకను 5 గంటలు, అనగా పండ్రెండున్నర ఘడియలు మిగిలియున్నవి. అవి ఎచ్చటికి పోవుచున్నవి? ఎవరును వచ్చి ఎత్తుకొనిపోవుట లేదు. చేతిలోని సెల్‌ఫోను పావుగంట, మిత్రునితో ముచ్చట అరగంట, "తరువాత చదివెదను" అను మాట ఒక గంట హరించును. చిల్లికుండలోని నీరు కారుచున్నప్పుడు చప్పుడు వినరాదు. కుండ ఖాళీ అయిన పిదప మాత్రమే తెలియును.

కొలువులో లెక్క

తిరుమల శ్రీవారి ఆలయమున తెల్లవారుజామున సుప్రభాతముతో దినము ఆరంభమగును. తోమాలసేవ అయిన పిమ్మట కొలువు జరుగును. కొలువు శ్రీనివాసమూర్తి పీఠముపై ఆసీనుడై యుండగా, ఆనాటి తిథి, వార, నక్షత్రములను అర్చకస్వాములు పంచాంగమునుండి చదివి వినిపింతురు. ముందుదినపు ఆదాయపు లెక్కలను కూడ స్వామికి విన్నవింతురు. సర్వజ్ఞుడైన స్వామికి తిథి తెలియదా? లక్ష్మీపతికి లెక్కలతో పని యేమి? లోకమునకు నేర్పుటకే స్వామి ఈ సేవను అంగీకరించుచున్నాడు. నిన్నటి లెక్క తేలనిదే నేటి కార్యము చక్కబడదు.

విద్యార్థియు ప్రాతఃకాలమున 5 నిమిషములు ఇట్టి కొలువు తీర్చవలెను. ఇంటిలోని స్వామి పటము ముందు నిలిచి, నేడు ఏ తిథి, ఏ వారము, ఏ పాఠము, ఏ పని యని చెప్పుకొనవలెను. నిన్న చేయుదునన్న దానిలో ఏది చేసెనో, ఏది మానెనో దాపరికము లేక విన్నవింపవలెను. తండ్రితో బొంకవచ్చును, అధ్యాపకునితో బొంకవచ్చును. అంతర్యామితో బొంకుట ఎట్లు?

పంచకాలములు

దినమును భగవదర్పితముగా విభజించుకొను విధానమును పాంచరాత్రాగమము పంచకాలముల రూపమున ఉపదేశించినది. అవి అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము. ఈ ఐదింటి ఆరాధనమును శంకరభగవత్పాదులు కూడ బ్రహ్మసూత్రభాష్యమున పేర్కొని, అట్టి ఆరాధనమునందు తమకు విప్రతిపత్తి లేదనిరి. భగవద్రామానుజులు నిత్యారాధనక్రమమును నిత్యగ్రంథమున సంగ్రహించిరి. శ్రీ వేదాంతదేశికులు (1268–1369) పాంచరాత్రరక్షయందు పంచకాలానుష్ఠానమును విస్తరించి నిరూపించిరి. ఈ నియమమును పాటించువారిని పంచకాలపరాయణులని వైష్ణవలోకము గౌరవించును.

ఈ విభాగమునందలి విశేషము ఒకటి గమనింపదగినది. దినములో కొంతభాగము దేవునికి, మిగిలినది లోకమునకు అను పంపకము ఇందులో లేదు. సంపాదనము స్వామి కొరకే, చదువు స్వామి కొరకే, నిద్రయు స్వామియందే. అందుచేత దీనిని పాటించు విద్యార్థి చదువునకు ఉన్న కాలమును తగ్గించుకొని పూజకు ఈయవలసిన పనిలేదు. ఉన్న కాలమునకే యజమానుడు ఎవరో తెలిసికొనిన చాలును.

మొదటిది అభిగమనము. అనగా ప్రాతఃకాలమున స్వామిని సమీపించుట. బ్రాహ్మీముహూర్తము సూర్యోదయమునకు 96 నిమిషములు ముందుగా ఆరంభమై 48 నిమిషములు ఉండును. ఆ వేళ ఇంటిలో సద్దు ఉండదు, మనస్సునందు రాగద్వేషముల రేణువు ఇంకను లేవదు. వేదపాఠశాలలలో సంథ చెప్పుటకును, వల్లె వేయుటకును ఆ వేళనే ఎన్నుకొనిరి. స్నానసంధ్యలు, ద్వాదశనామములు, కొలువు అయిన పిమ్మట, మిక్కిలి కఠినమైన పాఠమును ఆ వేళ చదువవలెను. కన్ను తెరువగనే సెల్‌ఫోను చూచువాడు స్వామికంటె ముందు లోకమంతటిని అభిగమించినవాడగుచున్నాడు.

రెండవది ఉపాదానము. ఆరాధనమునకు కావలసిన ద్రవ్యములను ధర్మమార్గమున సమకూర్చుకొనుట. గృహస్థునకు ఇది న్యాయార్జనము. విద్యార్థికి తరగతిగది, ప్రయోగశాల, గ్రంథాలయము ఉపాదానస్థలములు. దొంగిలించిన పుష్పము పూజకు పనికిరాదు. తాను రాని తరగతికి మిత్రునిచేత ప్రాక్సీ పలికించుకొనుట, పరుల రికార్డును చూచి వ్రాసికొనుట అట్టి పుష్పములే. హాజరు 75 శాతము ఉండవలెనని విశ్వవిద్యాలయము విధించినది కనుక తరగతికి పోవువాడు వేరు. ఆ పీఠముపై కూర్చుండుట పూజాద్రవ్యమును సేకరించుట యని పోవువాడు వేరు. గురువు చెప్పునప్పుడే సావధానముగా విన్నవానికి ఇంటివద్ద సగము శ్రమ తగ్గును. తరగతి ఒకటి ఇంచుమించు ఒక ముహూర్తము. ఆ ముహూర్తమును చెడగొట్టుకొనినవాడు దానిని రాత్రి రెండు ముహూర్తములిచ్చి కొనుక్కొనవలసి వచ్చును.

మూడవది ఇజ్య. భగవదారాధనము. మధ్యాహ్నమున కళాశాలలో ఉన్నవానికి షోడశోపచారములు సాధ్యములు కావు. కాని అన్నపు డబ్బా తెరచి, మనస్సున నివేదించి, ప్రసాదబుద్ధితో భుజించుటకు ఎవరు అడ్డుపడుదురు? పరుగులమీద మ్రింగక, మితముగా, వేళకు భుజించుట కూడ ఈ ఇజ్యలోని అంగమే. ఆహారమునందును, విహారమునందును, నిద్రామెలకువలందును యుక్తి కలవానికే యోగము దుఃఖనాశకమగునని భగవానుడు ఆరవ అధ్యాయమున ఉపదేశించెను.

నాలుగవది స్వాధ్యాయము. వేదవేదాంతములను, దివ్యప్రబంధములను అధ్యయనము చేయుట ముఖ్యార్థము. ఆ అర్థమును పూర్తిగా విడువరాదు. బస్సులో గడచు సమయమున శ్రీవిష్ణుసహస్రనామమును పారాయణము చేయవచ్చును; అరగంటకు మించి పట్టదు. సాయంకాలమున కళాశాల పాఠములను ఆనాటివి ఆనాడే మననము చేయవలెను. విద్యలో పాదము గురువువలన, పాదము స్వబుద్ధివలన, పాదము సహాధ్యాయులవలన, కడపటి పాదము కాలక్రమమున లభించునని పెద్దలు చెప్పిరి. ఈ కడపటి పాదమును ఒక్క రాత్రిలో సంపాదింప చూచుటయే నేటి విద్యార్థి పడుచున్న బాధకు మూలము.

ఐదవది యోగము. రాత్రి భగవంతునియందు మనస్సును నిలిపి, ఆ ధ్యానముతోనే విశ్రమించుట. సెల్‌ఫోనును పరుపునకు దూరముగా ఉంచి, దీపమార్పి, నేటి చదువును స్వామి పాదములచెంత పెట్టి కన్ను మూయవలెను. తిరుమల స్వామికే ఏకాంతసేవ కలదు. స్వామియే పవళించు లోకమున, నిద్ర మానుటను గొప్పగా చెప్పుకొనుట విద్యార్థికి తగునా? రాత్రియంతయు మేల్కొని పరీక్షకు పోవువాని బుద్ధి నూనె లేని దీపము వంటిది. పాఠశాలలలో అష్టమి, చతుర్దశి, పర్వము, పాడ్యమి దినములను అనధ్యాయములుగా ఉంచిరి. విరామము కూడ విధియే.

చిన్న కొలతలు

పెద్ద కార్యమును చూచి బెదరినవానికి గోదాదేవి తిరుప్పావై మార్గము చూపుచున్నది. 30 పాశురములు, ధనుర్మాసమున 30 దినములు, దినమునకు ఒకటి. నెల ముగియునప్పటికి ప్రబంధమంతయు సిద్ధించును. ఒక సెమిస్టరునకు సుమారు 90 బోధనదినములు. అనగా మూడు ధనుర్మాసములు. ఒక పాఠ్యాంశమునకు సాధారణముగా 5 యూనిట్లు. అనగా యూనిట్‌కు 18 దినములు. 15 దినములు గ్రహించుటకు, 3 దినములు వల్లె వేయుటకు నియమించుకొనిన యెడల పరీక్ష నాటికి క్రొత్తగా చదువవలసినది మిగులదు. తిరుప్పావైలో గోపికలు ఒకరినొకరు మేల్కొలుపుకొని కూడి పోయిరి. వసతిగృహములోని విద్యార్థులును ఇట్లే ఒకరినొకరు లేపుకొని చదువుకొనిన యెడల ఏ ఒక్కడును వెనుకబడడు.

తాళ్లపాక అన్నమాచార్యులు 1424లో స్వామి సాక్షాత్కారము పొందినది మొదలు 1503లో పరమపదించువరకు సంకీర్తనములు రచించిరి. దినమునకు ఒకటికి తక్కువ కాకుండ రచించిరని సంప్రదాయము. 79 సంవత్సరములకు దినములు 28,800 పైచిలుకు. ఆ మహనీయుని సంకీర్తనములు 32 వేలని మనుమడు చిన్నన్న చరిత్రమున చెప్పెను. లెక్క ఇంచుమించు సరిపోవుచున్నది. దినమునకు ఒకటి చొప్పున, మానక చేసిన పనియే అంత రాశియైనది.

తీరిక లేనివాని పూజ

"ఇదంతయు తీరిక ఉన్నవారికి చెల్లును. పగలు కళాశాల, రాత్రి కర్మాగారమున పని చేసి తల్లిదండ్రులను పోషించువాడు బ్రాహ్మీముహూర్తమున ఎట్లు లేచును?" అని ఆక్షేపింపవచ్చును. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారము ప్రాంతములలో ఇట్టి యువకులు లేకపోలేదు. ఈ ఆక్షేపము న్యాయమైనది. దీనికి సమాధానమును వేంకటాచలమాహాత్మ్యములోని కుమ్మరి ఈయగలడు.

శ్రీవారి కొండచెంత భీముడను కుమ్మరి ఉండెను. కురువ నంబి యని అతనికి ప్రసిద్ధి. కుండలు చేయుట అతని వృత్తి. ఉదయము మొదలు సాయంకాలమువరకు సారె త్రిప్పుటతోనే సరిపోవును. కొండకు పోయి స్వామిని సేవించుటకు తీరిక చిక్కదు. అందుచే ఇంటియందే కొయ్యతో స్వామి ప్రతిమను నిలుపుకొనెను. పూలు కోసి తెచ్చుటకును వేళ లేదు. పని ముగియగనే మిగిలిన మట్టితోనే పుష్పములను చేసి స్వామి పాదములపై ఉంచెడివాడు. అదే సమయమున తొండమాన్ చక్రవర్తి బంగారు పుష్పములతో స్వామిని అర్చించుచుండెను. ఒకనాడు ఆ బంగారు పూలకు మారుగా స్వామి పాదములవద్ద మట్టిపూలు కనిపించెను. రాజు విస్మయపడి ప్రార్థింపగా, తనకు ప్రియుడైన కుమ్మరి సమర్పించిన పూలవి యని స్వామి తెలిపెను. రాజు ఆ కుమ్మరి గుడిసెను వెదకికొని పోయెను. కుమ్మరి దంపతులు స్వామి సన్నిధిని పొందిరి. నేటికిని శ్రీవారికి పగిలిన క్రొత్త మట్టికుండలో పెరుగన్నము నివేదింపబడుచున్నది.

నంబి సారెను విడిచి పూజకు పోలేదు. ఏ మట్టితో జీవనము సాగించెనో ఆ మట్టితోనే పుష్పము చేసెను. షిఫ్టు ముగించి ఉదయము ఇంటికి చేరు యువకునకు అదే అభిగమనవేళ. స్నానము చేసి రెండు నిమిషములు స్వామి ముందు నిలిచి నిద్రించిన యెడల దోషము లేదు. కాలములు యథాశక్తి యని సంప్రదాయము అంగీకరించుచున్నది. క్రమమును మాత్రము విడువరాదు. అతడు షిఫ్టు విరామమున చదివిన ఒక పుట, తీరిక గలవాడు విసుగుతో తిరుగవేసిన పది పుటలకంటె స్వామికి ప్రీతికరము.

మిగిలిన ముహూర్తము

ఇంతవరకు కాలమును వృథ చేసిన విద్యార్థి ఇది చదివి నిరాశపడరాదు. శ్రీమద్భాగవతమున ఖట్వాంగ మహారాజు వృత్తాంతము కలదు. అతడు దేవతల పక్షమున అసురులతో యుద్ధము చేసి జయింపగా, దేవతలు వరము కోరుమనిరి. తన ఆయువు ఎంత మిగిలియున్నదని అతడు అడిగెను. ఒక్క ముహూర్తమనిరి. అతడు విలపింపలేదు. గడచిన సంవత్సరములను లెక్కింపలేదు. వెంటనే భూలోకమునకు వచ్చి, సర్వసంగములను విడిచి, ఆ 48 నిమిషములను శ్రీహరియందు నిలిపి ముక్తుడయ్యెను. ఏడు దినములు మిగిలియున్న పరీక్షిత్తునకు శుకయోగి ఈ కథనే ధైర్యముగా చెప్పెను.

ఖట్వాంగునకు తెలిసినట్లు ఆయుఃప్రమాణము అందరికిని తెలియదు. 2025 జూన్ 30వ తేదీ ఉదయము పాశమైలారములోని ఒక కర్మాగారమున సంభవించిన పేలుడులో 40 మందికి పైగా అసువులు బాసిరి. వారిలో అనేకులు పొట్టచేతబట్టుకొని పరరాష్ట్రములనుండి వచ్చినవారు. ఆనాడు పనిలోనికి పోయినవారికి ఆ ఉదయమే కడపటిదని తెలియదు. ఆ దారినే కళాశాలకు పోవు విద్యార్థి ఒక్క క్షణము వారిని స్మరించినచో, "రేపు చదివెదను" అను మాట నోట రాదు.

పరీక్ష తప్పిన దినమున ప్రాణమే వ్యర్థమని తలచు పిల్లల వార్తలు ప్రతి సంవత్సరము పత్రికలలో కనబడుచున్నవి. వారికి ఈ మాట ముఖ్యము. కాలము స్వామి సొత్తైనట్లే ఆయువును స్వామి సొత్తు. దానిని త్రోసివేయుటకు ఎవరికిని అధికారము లేదు. ఒక పరీక్ష పోయిన మరియొకటి వచ్చును. గడచిన ముహూర్తము పోయినను మిగిలిన ముహూర్తము స్వామి చేతిలో పదిలముగా ఉన్నది. అట్టి బాధ కలిగిననాడు దాచుకొనక తల్లితోనో, తండ్రితోనో, గురువుతోనో వెంటనే చెప్పుకొనవలెను. వినవలసిన తల్లిదండ్రులును ఆనాడు మార్కులను అడుగక, బిడ్డను దగ్గరకు తీసికొని అన్నము పెట్టవలెను. తామే రాత్రి పదిగంటలవరకు టెలివిజను ముందు కూర్చుండి, పిల్లలను చదువుమనుట తగదు. ఇల్లంతయు పంచకాలములను పాటించిన నాడు పిల్లవానికి వేరుగా చెప్పవలసిన పని యుండదు.

ప్రతి విద్యార్థియు నేటి సాయంకాలముననే ఆరంభింపవచ్చును. ఐదు కాలములును ఒక్కసారి పట్టుబడనిచో, ప్రాతఃకాలపు కొలువు ఒక్కటి మొదట పట్టుకొనవలెను. తక్కిన నాలుగును దాని వెంట వచ్చును. మంజీరా తీరమునను, మరి యెల్లెడలను చదువుకొను బిడ్డల దినములు శ్రీవారి పాదములపై పుష్పములై నిలుచుగాక! కాలస్వరూపుడగు శ్రీనివాసుడు వారికి ఆయురారోగ్యములను, విద్యను, వివేకమును అనుగ్రహించుగాక!